డిగ్రీలో ఇన్‌కమ్ ట్యాక్స్ చదివేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సెమిస్టర్ మొదలవగానే అవే సందేహాలు వస్తాయి. బీకామ్ పిల్లలు అడిగేవి కొన్ని, ఎల్‌ఎల్‌బీ వాళ్లవి కొన్ని. ఇప్పుడు వీటికి 1961 నాటి పాత చట్టం, 2025 నాటి కొత్త చట్టం గొడవ కూడా తోడైంది. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. వేరే చెప్పనిచోట లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరంలో సంపాదించిన ఆదాయానికి వేసినవి.

## చేరకముందు, మొదటి వారంలో

నాది ఇంటర్‌లో బైపీసీ. లెక్కలంటే భయం. ఈ పేపర్ నా వల్ల అవుతుందా?

అవుతుంది. ఇందులో ఉండేది కూడిక, తీసివేత, శాతం. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే చాలు. ఈ పేపర్‌లో తప్పేవాళ్లు ఎక్కువగా లెక్క దగ్గర తప్పరు, ప్రశ్న చదవడం దగ్గర తప్పుతారు. "మున్సిపల్ ట్యాక్స్ 6,000, అద్దెకున్నవాళ్లు కట్టారు" అని ఉంటే చివరి రెండు మాటలు చూడకుండా 6,000 తీసేస్తారు. యజమాని కట్టిన పన్నునే తీసెయ్యాలి. ఒక్కో మాట ఎందుకు రాశారో ఆలోచిస్తూ చదివే అలవాటుంటే బైపీసీ అయినా, హెచ్‌ఈసీ అయినా తేడా ఏమీ ఉండదు.

బీకామ్‌లో చదివే ట్యాక్స్, ఎల్‌ఎల్‌బీలో చదివే ట్యాక్స్ ఒకటేనా?

చట్టం ఒకటే, చూసే చూపు వేరు. బీకామ్‌లో "ఈయన టోటల్ ఇన్‌కమ్ ఎంత, ట్యాక్స్ ఎంత" అని అడుగుతారు. ఎల్‌ఎల్‌బీలో "ఈ సొమ్ము అసలు ఆదాయమేనా, దాని మీద పన్ను వేసే అధికారం ఎవరిది" అని అడుగుతారు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం పన్నుల చట్టం లా డిగ్రీలో తప్పనిసరి పేపర్ కాబట్టి ఎల్‌ఎల్‌బీ వాళ్లు దీన్ని తప్పించుకోలేరు. లా వాళ్లు రాజ్యాంగంతో మొదలుపెట్టాలి. చట్టబద్ధ అధికారం లేకుండా పన్ను వేయకూడదు, వసూలు చేయకూడదు అంటుంది 265వ అధికరణ. ఏడో షెడ్యూల్ మొదటి జాబితాలోని 82వ అంశం వ్యవసాయేతర ఆదాయాన్ని కేంద్రానికి ఇస్తే, రెండో జాబితాలోని 46వ అంశం వ్యవసాయ ఆదాయాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. నన్నడిగితే బీకామ్ వాళ్లు కూడా ఈ మూడూ ఒక గంట కూర్చుని చదువుకుంటే మంచిది.

1961 చట్టం చదవాలా, 2025 చట్టం చదవాలా?

ముందు మీ యూనివర్సిటీ సిలబస్ కాపీ, అందులో ఏ సంవత్సరం రాసి ఉందో చూడండి. ఆ తర్వాత ఈ మాట గుర్తుపెట్టుకోండి: 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి 1961 చట్టం, 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం. 1961 చట్టం కింద మొదలైన కేసులు కొన్నేళ్లపాటు కోర్టుల్లో నడుస్తూనే ఉంటాయి కాబట్టి లా వాళ్లకు రెండూ కావాలి.

భయపడాల్సిన పనైతే లేదు. ఐదు హెడ్స్ (జీతం, ఇల్లు, వ్యాపారం లేదా వృత్తి, ఆస్తి అమ్మిన లాభమైన క్యాపిటల్ గెయిన్స్, ఇతర ఆధారాలు అని ఆదాయాన్ని విడదీసే విభాగాలు) అలాగే ఉన్నాయి, నివాసం లెక్క అలాగే ఉంది. పన్ను విధించే 4వ సెక్షన్, ఆదాయ పరిధి చెప్పే 5, నివాసం చెప్పే 6 కొత్త చట్టంలోనూ అవే నంబర్లలో ఉన్నాయి. మారింది ప్రధానంగా అమరిక, భాష, నంబర్లు. పొదుపుల మీద డిడక్షన్ ఇచ్చే 80సీ ఇప్పుడు 123 అయింది, కొత్త స్లాబుల 115బీఏసీ 202 అయింది, రిటర్న్ గురించిన 139 ఇప్పుడు 263. పాతదాంట్లో పదుల సెక్షన్లలో చెల్లాచెదురుగా ఉన్న టీడీఎస్ (సొమ్ము ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) అంతా జీతాలకు 392, దాదాపు మిగతా అన్నిటికీ 393 అని ఒకచోటికి వచ్చింది. అసలు విషయం అర్థమైనవాడికి ఇది ఇంటి నంబరు మారినంత పనే. నంబర్లు బట్టీ పట్టినవాడికి మాత్రం మళ్లీ మొదటికొచ్చినట్టే.

సీనియర్ అన్న పాత పుస్తకం ఇస్తానన్నాడు. తీసుకోవచ్చా?

సిద్ధాంతం చదవడానికి తీసుకోండి, లెక్కలు చేయడానికి వద్దు. ఈ సబ్జెక్టులో రేట్లు ఏటా ఫైనాన్స్ చట్టంతో మారుతుంటాయి. 2024 జులై 23న క్యాపిటల్ గెయిన్స్ రేట్లు ఆర్థిక సంవత్సరం మధ్యలోనే మారాయి. రెండేళ్ల కిందటి పుస్తకంలో చేసిన ప్రాబ్లం జవాబుతో సహా తప్పయిపోతుంది. పుస్తకం అట్ట మీద ఏ సంవత్సరానికి అని రాశారో చూసి, ఆ సంవత్సరం మీ పరీక్షకు సరిపోతేనే కొనండి.

తెలుగు మీడియంలో రాస్తే ఇబ్బందా?

లెక్కల్లో మార్కులు అంకెలకు, అవి వేసిన వరసకు పడతాయి. అక్కడ మీడియంతో పనిలేదు. థియరీలో మాత్రం అకాడమీ పుస్తకంలోని పదం ఒకచోట, క్లాసులో విన్న పదం ఇంకోచోట రాసి దిద్దేవాళ్లను తికమక పెట్టకండి. "మదింపుదారు" అని మొదలుపెడితే చివరిదాకా అదే రాయండి, "అసెస్సీ" అంటే అసెస్సీ. రెండు మాటలకూ అర్థం ఒకటే, పన్ను లెక్క ఎవరిదో ఆ మనిషి.

## పునాది పాఠాలు

ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్, ఇప్పుడు ట్యాక్స్ ఇయర్. తల తిరుగుతోంది. ఏది ఏది?

1961 చట్టంలో సంపాదించిన సంవత్సరం ప్రీవియస్ ఇయర్, దాని తర్వాతి సంవత్సరం అసెస్‌మెంట్ ఇయర్. 2025-26లో సంపాదిస్తే 2026-27 అసెస్‌మెంట్ ఇయర్. 2025 చట్టం ఈ జంటను తీసేసి ఒక్క ట్యాక్స్ ఇయర్ పెట్టింది. సంపాదించిన సంవత్సరమే ట్యాక్స్ ఇయర్.

చిక్కంతా 2026-27 అనే అంకె దగ్గరుంది. "అసెస్‌మెంట్ ఇయర్ 2026-27" అంటే 2025-26 ఆదాయం, పాత చట్టం. "ట్యాక్స్ ఇయర్ 2026-27" అంటే 2026-27 ఆదాయం, కొత్త చట్టం. ఒకే అంకె, రెండు వేర్వేరు ఆదాయాలు, రెండు వేర్వేరు చట్టాలు. ప్రశ్నలో "2026-27" కనబడగానే దాని ముందున్న మాట ఏమిటో చూసి, పక్కన పెన్సిల్‌తో ఆదాయం వచ్చిన నెలలు రాసుకోండి: 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకా, లేక 2026 ఏప్రిల్ నుంచి 2027 మార్చి వరకా. ఈ ఒక్క పని చేస్తే ఈ ఏడాది సగం తప్పులు తగ్గుతాయి.

ప్రాబ్లం ఇవ్వగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు.

ప్రశ్నలు ఎప్పుడూ ఒకే వరసలో వేసుకోండి. ఎవరి ఆదాయం (వ్యక్తా, హెచ్‌యూఎఫ్ అనే హిందూ ఉమ్మడి కుటుంబమా, ఫర్మా, కంపెనీయా)? ఆ సంవత్సరంలో ఆయన రెసిడెంటా, కాదా? వచ్చిన సొమ్ము పన్ను పరిధిలోకి వస్తుందా? వస్తే ఏ హెడ్? ఆ హెడ్‌లో ఏం తీసెయ్యవచ్చు? ఒక హెడ్ నష్టం ఇంకో హెడ్‌లో సర్దవచ్చా? మొత్తం మీద ఏ డిడక్షన్లున్నాయి? రేటు ఆఖర్న వస్తుంది. చాలామంది ప్రాబ్లం చూడగానే స్లాబుల మీద పడతారు. స్లాబులు ఏటా మారొచ్చు, ఈ వరస మాత్రం 1961 చట్టంలోనూ ఇదే, 2025 చట్టంలోనూ ఇదే.

మా నాన్న దుబాయ్‌లో పనిచేస్తారు. అక్కడి జీతానికి ఇక్కడ ట్యాక్స్ ఉంటుందా?

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ పిల్లలు ఏటా అడిగే ప్రశ్న. జవాబు పాస్‌పోర్టు రంగును బట్టి ఉండదు, ఇండియాలో ఉన్న రోజులను బట్టి ఉంటుంది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే రెసిడెంట్. లేదా ఆ ఏడాది 60 రోజులుండి, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులున్నా రెసిడెంటే. అయితే ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారత పౌరుడికి ఆ 60 రోజుల షరతు వర్తించదు, 182 ఒక్కటే చూడాలి.

లెక్క చూద్దాం. ఒకాయన 2025 ఆగస్టు 25న దుబాయ్ ఫ్లైటెక్కాడు. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టులో 25: మొత్తం 147 రోజులు. 182 దాటలేదు కాబట్టి 2025-26కి నాన్ రెసిడెంట్. దుబాయ్‌లో చేసిన పనికి దుబాయ్‌లోనే అందుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె మాత్రం ఇండియాలో పుట్టిన ఆదాయం, దాన్ని చూపాల్సిందే.

సెలవులకు వచ్చి వెళ్లే పౌరులకూ మామూలుగా 182 రోజులే హద్దు. ఇండియాలో వచ్చే ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు మాత్రం 120 రోజుల లెక్క ఉంది. పరీక్షలో ఈ 15 లక్షల మాట కనబడితే ఊరికే పెట్టలేదని గ్రహించండి.

వ్యవసాయం మీద పన్ను లేదు కదా. దానికి ఇంత పెద్ద పాఠం ఎందుకు?

ఏది వ్యవసాయం, ఏది కాదు అనే గొడవ పెద్దది కాబట్టి. మన ప్రాంతం ఉదాహరణలే తీసుకోండి. కడియం నర్సరీల్లో పెంచి అమ్మే మొక్కల ఆదాయం చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయమే, ఆ మాట సెక్షన్లోనే చెప్పారు. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువుల ఆదాయం మాత్రం కాదు. చెరువు తవ్వింది ఒకప్పటి వరి పొలంలోనే కావచ్చు, అయినా అక్కడ భూమిని సాగు చేయడం లేదు. కోళ్ల ఫారం, పాల డెయిరీ కూడా వ్యాపార ఆదాయమే.

1957లో రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలమానం ఇక్కడ వాడాలి: దున్నడం, విత్తడం, నాటడం లాంటి మొదటి పనులు భూమి మీద జరగాలి. కలుపు తీయడం, కోత లాంటి తర్వాతి పనులు వాటితో కలిసి వస్తేనే వ్యవసాయం, అవి మాత్రమే ఉంటే చాలదు. దానంతటదే పెరిగిన అడవిలో చెట్లు కొట్టి అమ్మితే వ్యవసాయం కాదు. 1955 నాటి బచా గుజ్దార్ కేసు ఇంకో మెట్టు. టీ తోటలున్న కంపెనీ ఇచ్చిన డివిడెండు వాటాదారుకు వ్యవసాయ ఆదాయం కాదని తేల్చారు. ఆ డబ్బు ఆమెకు భూమి నుంచి రాలేదు, షేరు నుంచి వచ్చింది.

పన్ను లేదంటూనే వ్యవసాయ ఆదాయాన్ని కలిపి లెక్కేస్తున్నారే?

రేటు తేల్చడానికి కలుపుతారు. వ్యవసాయ ఆదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం కనీస పరిమితి దాటితేనే ఈ పద్ధతి. ఉదాహరణకు ఒకాయనకు ఇతర ఆదాయం 14 లక్షలు, పొలం మీద 3 లక్షలు. కొత్త స్లాబుల్లో 17 లక్షల మీద పన్ను 1,40,000. పరిమితి 4 లక్షలకు పొలం ఆదాయం 3 లక్షలు కలిపితే 7 లక్షలు, దాని మీద పన్ను 15,000. తేడా 1,25,000, దానికి 4 శాతం సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను). పొలమే లేకపోతే 14 లక్షల మీద 90,000 కట్టేవాడు. పొలం మీద పన్ను వేయలేదు, మిగతా ఆదాయం మాత్రం పై స్లాబుకు జరిగింది. సబబా కాదా అని క్లాసులో కొట్టుకోండి, లెక్క మాత్రం ఇలాగే వేయండి.

## సెమిస్టర్ మధ్యలో

ఎగ్జెంప్షన్, డిడక్షన్, రిబేట్ అన్నీ ఒకటే కాదా? ఎలాగూ పన్ను తగ్గడమే కదా?

తగ్గే చోటు వేరు. ఎగ్జెంప్షన్ అంటే ఆ సొమ్ము లెక్కలోకే రాదు. డిడక్షన్ అంటే ముందు లెక్కలోకి వచ్చి తర్వాత ఆదాయంలోంచి పోతుంది. రిబేట్ అంటే ఆదాయం అలాగే ఉంటుంది, వచ్చిన పన్నులోంచి తగ్గుతుంది. 20 శాతం స్లాబులో ఉన్నాయనకు 10,000 డిడక్షన్ దొరికితే మిగిలేది 2,000. అదే 10,000 రిబేట్ అయితే పూర్తిగా 10,000 మిగులుతుంది.

12 లక్షల వరకు ట్యాక్స్ లేదని టీవీలో చెప్పారు. మరి స్లాబులో 4 లక్షలే ఎందుకుంది?

టీవీ చెప్పిందీ తప్పు కాదు, స్లాబూ తప్పు కాదు. 2025-26కి కొత్త పద్ధతిలో (ఇది కొత్త చట్టం కాదు, డిడక్షన్లు తగ్గించి రేట్లు తగ్గించిన పద్ధతి) 4 లక్షల వరకు పన్ను సున్నా. అక్కడి నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, ఆపైన 30. దీని ప్రకారం 12 లక్షల మీద పన్ను 60,000 వస్తుంది. ఆదాయం 12 లక్షలు దాటని రెసిడెంట్‌కు ఆ 60,000 మొత్తాన్నీ రిబేట్‌గా తీసేస్తారు. జీతగాడికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంటుంది కాబట్టి 12,75,000 జీతం దాకా పన్ను పడదు.

పరీక్షలో అసలు మెలిక దాటిన తర్వాత వస్తుంది. జీతం 13 లక్షలు అనుకోండి. 75,000 పోగా 12,25,000. స్లాబు ప్రకారం పన్ను 63,750. 25,000 ఎక్కువ సంపాదించినందుకు 63,750 కట్టమనడం అన్యాయం కదా. అందుకే మార్జినల్ రిలీఫ్ ఉంది. పన్ను ఆ 25,000 దగ్గర ఆగుతుంది, 4 శాతం సెస్సుతో 26,000. చాలామంది 63,750 దగ్గరే ఆపేసి వచ్చేస్తారు. ఇంకొకటి, షేర్ల మీద వచ్చే క్యాపిటల్ గెయిన్స్ లాంటి ప్రత్యేక రేటు ఆదాయం మీది పన్నుకు ఈ రిబేట్ దొరకదు.

ప్రశ్నలో పాత పద్ధతా, కొత్త పద్ధతా అని చెప్పకపోతే?

2023-24 నుంచి కొత్త పద్ధతే డిఫాల్ట్. పాతది కావాలంటే అసెస్సీ కోరుకోవాలి. ఏమీ చెప్పకపోతే కొత్త పద్ధతిలో చేసి, "ఆప్షన్ వాడుకోలేదని భావించాను" అని ఒక వాక్యం రాయండి. కానీ ప్రశ్న నిండా ఎల్‌ఐసీ, పీఎఫ్, ట్యూషన్ ఫీజు అని ఇచ్చి ఉంటే ప్రశ్న తయారుచేసినాయన మనసులో పాత పద్ధతి ఉందని అర్థం. టైముంటే రెండూ చేసి ఏది తక్కువో చెప్పండి.

ఏ ఆదాయం ఏ హెడ్‌లోకి వస్తుందో గుర్తుండటం లేదు.

పేరు చూడకండి, సంబంధం చూడండి. యజమాని, ఉద్యోగి సంబంధం ఉంటేనే జీతం హెడ్. ఎమ్మెల్యే తీసుకునేదాన్ని జీతం అనే అంటాం, కానీ ఆయనకు యజమాని లేడు, అందుకే ఇతర ఆధారాల హెడ్. ఫర్మ్‌లో భాగస్వామి తీసుకునే జీతం వ్యాపార హెడ్. ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు నెల జీతం మీద డ్యూటీ చేస్తే జీతం హెడ్, కన్సల్టెంట్‌గా రోగికింత అని తీసుకుంటే వృత్తి ఆదాయం. రిటైరైనాయనకు వచ్చే పెన్షన్ జీతం హెడ్, ఆయన పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఇతర ఆధారాలు.

ఇంటి రిపేర్లకు 70,000 ఖర్చయిందని ఇచ్చారు. ఎందుకు తీసెయ్యకూడదు?

అద్దె ఇంటికి నిజంగా ఎంత ఖర్చయినా చట్టం ఇచ్చేది 30 శాతమే, రూపాయి ఖర్చు కాకపోయినా అదే 30 శాతం. విజయవాడలో నెలకు 15,000 అద్దె వచ్చే ఇల్లు తీసుకోండి. ఏడాదికి 1,80,000. యజమాని కట్టిన ఇంటి పన్ను 6,000 పోతే 1,74,000. అందులో 30 శాతం 52,200 పోతే 1,21,800. ఇంటి లోను వడ్డీ 40,000 పోతే 81,800. ఆ 70,000 రిపేర్లను మీరు ముట్టుకుంటారా లేదా అని చూడటానికే ఇస్తారు.

హెచ్‌ఆర్‌ఏలో "మూడింటిలో తక్కువ" అంటారు. ఏ మూడు?

వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం ఒకటి, కట్టిన అద్దెలోంచి జీతంలో 10 శాతం తీసేయగా మిగిలింది రెండు, జీతంలో 50 లేదా 40 శాతం మూడు. 1962 నాటి నియమాల్లో 50 శాతం ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్ ఎంత పెద్దదైనా ఆ నియమాల కింద 40 శాతమే. ఇక్కడ జీతం అంటే బేసిక్, లెక్కలోకి వచ్చే డీఏ, టర్నోవర్ మీద వచ్చే కమీషన్. పాత పద్ధతిలోనే ఈ మినహాయింపు దొరుకుతుంది.

2010లో కొన్న ప్లాటు ఇప్పుడు అమ్మితే పన్ను 12.5 శాతమా, 20 శాతమా?

2024 జులై 23కి ముందు కొన్న భూమి, భవనాలకు రెసిడెంట్ వ్యక్తులు, హెచ్‌యూఎఫ్‌లు రెండు లెక్కలూ వేసుకుని తక్కువది కట్టవచ్చు. 2010-11లో 10 లక్షలకు కొని 2025-26లో 60 లక్షలకు అమ్మారనుకోండి. ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచే ఇండెక్స్ 2010-11కి 167, 2025-26కి 376. పెంచిన కొన్న ధర 22,51,497, లాభం 37,48,503, 20 శాతం చొప్పున సుమారు 7,49,700. ఇండెక్స్ లేకుండా లాభం 50 లక్షలు, 12.5 శాతం చొప్పున 6,25,000. ఇక్కడ రెండోదే మేలు. ధర మెల్లగా పెరిగిన స్థలాలకు మొదటిది మేలవుతుంది. అమ్మకం 50 లక్షలకు తగ్గలేదు కాబట్టి కొన్నాయన 1 శాతం, అంటే 60,000 టీడీఎస్ పట్టుకుని కట్టాలి.

ఊళ్లో పొలం అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ ఉంటాయా?

గ్రామీణ వ్యవసాయ భూమి అయితే అది క్యాపిటల్ అసెట్టే కాదు, పన్ను లేదు. గ్రామీణమా కాదా అన్నది మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం బట్టి తేలుతుంది: జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల వరకు 6, అంతకు మించితే 8. దూరం రోడ్డు మీద కొలవకూడదు, గీత గీసినట్టు ఆకాశమార్గాన కొలవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల రైతులు చాలామంది ఈ 8 కిలోమీటర్ల దగ్గరే పన్నులోకి వస్తారు.

మా అన్నయ్య 75,000 గిఫ్ట్ ఇచ్చాడు. బంధువే కదా, పన్ను ఉండదుగా?

సొంత అన్నయ్యా, పెదనాన్న కొడుకా? మనకు ఇద్దరూ అన్నయ్యలే. చట్టానికి మొదటాయనే బంధువు. బంధువుల జాబితాలో భార్య లేదా భర్త, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, నేరుగా పై తరాలవాళ్లు, కింది తరాలవాళ్లు, వీళ్ల జీవిత భాగస్వాములు ఉన్నారు. అంటే పెదనాన్న ఇస్తే పన్ను లేదు, ఆయన కొడుకు ఇస్తే ఉంది. ఏడాదిలో బంధువులు కానివాళ్ల దగ్గర్నుంచి వచ్చింది 50,000 దాటితే మొత్తం 75,000 ఆదాయమే, పైన ఉన్న 25,000 ఒక్కటే కాదు. పెళ్లికి ఇచ్చిన కట్నకానుకలైతే ఎవరిచ్చినా పన్ను లేదు.

ఇంకో తమాషా ఉంది. మేనమామ మేనల్లుడికి ఇస్తే మేనల్లుడికి పన్ను లేదు. అదే మేనల్లుడు ఉద్యోగం వచ్చాక మామకు లక్ష ఇస్తే మామ ఆ లక్షను ఆదాయంగా చూపాలి, తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు.

## లా విద్యార్థులకు ప్రత్యేకంగా

బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని అసలు చట్టం పాఠం) చదవమంటారు. ఒక్క సెక్షన్ కూడా ముందుకు సాగడం లేదు.

మొదటి రోజే 2వ సెక్షన్ నిర్వచనాలన్నీ చదవాలని కూర్చోవద్దు, నిద్రొస్తుంది. ఒక ప్రాబ్లం తీసుకుని దానికి అవసరమైన సెక్షన్ మాత్రమే చదవండి. ముందు సాధారణ నియమం, తర్వాత దానికి మినహాయింపు, చివర వివరణ అని మూడు రంగుల పెన్నులతో గీయండి. 1961 చట్టంలో ప్రొవైజోల (సెక్షన్‌కు తగిలించిన షరతుల) మీద ప్రొవైజోలు ఉంటాయి. 2025 చట్టంలో వాటిని చాలావరకు ఉప సెక్షన్లుగా, పట్టికలుగా మార్చారు. 819 సెక్షన్లు 536కి తగ్గాయి. మొదటిసారి చదివేవాళ్లకు కొత్తదే తేలిక.

కేసులు ఎన్ని చదవాలి?

పదిహేను పేర్లు తెలిసి ఏ ఒక్కదాని వాస్తవాలూ తెలియకపోవడం కంటే ఐదు కేసులు పూర్తిగా చదవండి. మొదటిది మెక్‌డవెల్ చదవమంటాను, హైదరాబాద్‌లో పుట్టిన కేసు కాబట్టి. మద్యం కంపెనీ బిల్లులో ఎక్సైజ్ సుంకం చూపలేదు, కొనేవాళ్లే నేరుగా ఎక్సైజ్ శాఖకు కట్టి సరుకు తీసుకెళ్లారు. ఆ సుంకం కంపెనీ టర్నోవర్‌లోకి వస్తుందా, దాని మీద అమ్మకం పన్ను పడుతుందా అన్నది ప్రశ్న. 1985లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం పడుతుందని చెప్పింది. ఇది అమ్మకం పన్ను కేసు, అయినా ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అందరూ చదువుతారు. కారణం మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి విడిగా రాసిన తీర్పు. పన్ను ఎగ్గొట్టేందుకు వేసే ఎత్తుగడలను కోర్టులు చూసీ చూడనట్టు వదిలే కాలం పోయిందని ఆయన గట్టిగా రాశారు. 2003లో ఆజాదీ బచావో ఆందోళన్, 2012లో వొడాఫోన్ తీర్పులు ఆ మాటల పరిధిని తగ్గించాయి. తర్వాత పార్లమెంటు పన్ను తప్పించుకునే ఎత్తుగడలను అడ్డుకునే గార్ నిబంధనలు తెచ్చి 2017 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. ఈ నాలుగూ వరసలో రాస్తే పన్ను ఎగవేతకు, పన్ను ప్రణాళికకు తేడా మీద ఏ ప్రశ్న వచ్చినా చేతిలో జవాబున్నట్టే.

అప్పీళ్ల వరస ఏమిటి?

అసెసింగ్ ఆఫీసర్ ఉత్తర్వు మీద మామూలుగా కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి, కొన్ని చిన్న కేసుల్లో జాయింట్ కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి. అక్కడి నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్. మనకు బెంచీలు హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్నాయి. వాస్తవాలు తేల్చే ఆఖరి మెట్టు ట్రిబ్యునలే. హైకోర్టు ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే తీసుకుంటుంది, ఆ పైన సుప్రీంకోర్టు.

## పరీక్షలప్పుడు

సెక్షన్ నంబరు గుర్తురాకపోతే మార్కులు పోతాయా?

తప్పు నంబరు రాయడం కంటే నంబరు లేకుండా నియమాన్ని సరిగ్గా రాయడం మేలు. రెండు చట్టాల నంబర్లు కలిసిపోయే ఈ రోజుల్లో టెన్షన్‌లో 80సీని కొత్త చట్టం కింద రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నంబరు రాస్తే పక్కన ఏ చట్టమో రాయండి.

లెక్కలో ఆఖరి అంకె తప్పితే మొత్తం పోయినట్టేనా?

వర్కింగ్ నోట్స్ రాసి ఉంటే పోదు. హెచ్‌ఆర్‌ఏ, పెర్క్విజిట్లు (జీతంతో పాటు ఇచ్చే సౌకర్యాలు), డిప్రిసియేషన్ (ఆస్తి అరుగుదల) లెక్కలు విడిగా వేసి చూపండి. పన్ను లేని సొమ్మును కూడా వదిలెయ్యకుండా రాసి ఎదురుగా సున్నా పెట్టండి, లేకపోతే మరిచిపోయారో తెలిసే వదిలేశారో దిద్దేవాళ్లకు తెలియదు. టోటల్ ఇన్‌కమ్‌ను దగ్గరి 10 రూపాయలకు సవరించండి.

## డిగ్రీ చివర్లో, ఆ తర్వాత

ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో 10 శాతం కట్ చేశారు. తిరిగొస్తుందా?

మీ మొత్తం ఆదాయం మీద పన్ను పడకపోతే తిరిగొస్తుంది, కానీ రిటర్న్ వేయాలి. నెలకు 10,000 చొప్పున ఆరు నెలలకు 60,000 ఇచ్చి వృత్తి ఫీజు కింద 6,000 పట్టుకున్నారనుకోండి. ఆ 6,000 మీ పాన్ మీద ఏఐఎస్‌లో (మీ ఆదాయం, పట్టుకున్న పన్ను చూపే వార్షిక పట్టీలో) కనబడుతోందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చూడండి. కనబడకపోతే ముందు కంపెనీని అడగాలి. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు పన్ను లేదు, పని చేయించుకుని ఇచ్చిన స్టైపెండ్‌ను స్కాలర్‌షిప్ అనుకోకండి. సొంతంగా వేసిన ఈ ఒక్క రిటర్న్‌తో పాఠం సగం వంటబడుతుంది.

సీఏ కాకుండా ఈ సబ్జెక్టుతో ఏ ఉద్యోగాలున్నాయి?

ఏ డిగ్రీ ఉన్నా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ పరీక్షతో ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్, ట్యాక్స్ అసిస్టెంట్ పోస్టులకు వెళ్లొచ్చు. సివిల్స్ రాస్తే ఐఆర్‌ఎస్, శిక్షణ నాగ్‌పూర్‌లో. ప్రైవేటులో ఆడిటర్ ఆఫీసులు, కంపెనీల పేరోల్, టీడీఎస్ విభాగాలు ఉన్నాయి. సీఏ చేయాలనుకుంటే 55 శాతం ఉన్న కామర్స్ పట్టభద్రులు, 60 శాతం ఉన్న ఇతరులు ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్లు.

బీకామ్ ఒక్కదానితో ట్యాక్స్ ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా?

రిటర్నులు వేసి పెట్టడానికి అడ్డులేదు. 1961 చట్టం 288వ సెక్షన్, దాని కింది నియమాల ప్రకారం కామర్స్ లేదా లా డిగ్రీ ఉన్నవాళ్లు క్లయింటు తరఫున అధికారుల ముందు అధీకృత ప్రతినిధిగా హాజరు కావొచ్చు. కొత్త చట్టంలోనూ అధీకృత ప్రతినిధి ఏర్పాటు ఉంది. ట్యాక్స్ ఆడిట్ మీద సంతకం చేసే హక్కు మాత్రం సీఏదే. మొదట రెండేళ్లు ఎవరైనా పెద్దాయన ఆఫీసులో నోటీసులకు జవాబులు రాయడం నేర్చుకోండి. రిటర్న్ వేయడం ఇప్పుడు జనం ఫోన్లోనే చేసేసుకుంటున్నారు, నోటీసు వచ్చినప్పుడే మనిషిని వెతుక్కుంటూ వస్తారు.